చెవి లెక్క

వాగు సంఘం వాళ్ళకు నెలలో నాలుగు ఆదివారాలుంటే నాలుగింటికీ పని ఉంటుంది. మొదటి ఆదివారం వాగు ఒడ్డున చెత్త ఏరతారు. రెండో ఆదివారం మరమ్మతు బల్ల. ఇళ్ళలో పాడై మూలనపడ్డ ఫ్యాన్లు, మిక్సీలు, గొడుగులు జనం పట్టుకొస్తే, చేతనైనవాళ్ళు కూర్చుని బాగుచేసి పంపిస్తారు. మూడో ఆదివారం విత్తనాల మార్పిడి. మార్పిడి అన్నది పేరుకే, విత్తనాలు తెచ్చేవాళ్ళు ఇద్దరైతే సంచులు పట్టుకొచ్చేవాళ్ళు ఇరవై మంది. నాలుగో ఆదివారం పొద్దున్నే చెవి లెక్క. అయిదో ఆదివారం పడ్డ నెలలో ఏం చెయ్యాలో పాలుపోక మీటింగు పెట్టుకుని, ఒకరి మీద ఒకరు ఎగిరి, టీ తాగి ఇళ్ళకు పోతారు.

చెవి లెక్క అంటే పిట్టల లెక్క. వాగు పొడుగునా ఏడు చోట్ల ఏడు రాళ్ళు పాతి, సున్నం కొట్టి, అంకెలు వేశారు. ఒక్కో రాయి దగ్గర ఒక మనిషి కళ్ళు మూసుకుని అయిదు నిమిషాలు నిలబడాలి. ఏ పిట్ట కూత చెవిన పడితే ఆ పిట్ట పుస్తకంలోకి ఎక్కుతుంది. కంటికి కనపడ్డది మాత్రం రాయకూడదు. ఈ నియమం పెట్టింది సంఘాన్ని మొదలుపెట్టిన లెక్కల మాస్టారు. కళ్ళకు ఆశ ఎక్కువ, ఊగిన ప్రతి ఆకునూ పిట్ట అంటాయి, చెవికి ఆ యావ లేదు అనేవారాయన. ఇంకో నియమం కూడా ఆయనదే. ఒకే చెవి, ఒకే పుస్తకం. పదిమంది వింటే పది లెక్కలు వస్తాయి, ఈ ఏటికీ ఆ ఏటికీ పోల్చుకోవడానికి పనికిరావు. అందుకని వినేది ఒక్కరే. కూత వినపడినప్పుడల్లా ఆ ఒక్కరూ కళ్ళు తెరవకుండా వేలు ఎత్తి, పిట్ట పేరు మెల్లిగా చెబుతారు. మిగతా జనం ముప్పై అడుగుల వెనక నోరు కుట్టేసుకుని నిలబడతారు.

మాస్టారు పోయి ఆరేళ్ళయింది. నియమాలను కదిపే ధైర్యం ఎవరికీ లేదు. నిజానికి ఆయన బతికుండగా వాటి మీద రోజుకో పేచీ ఉండేది. పోయాక అవి రాళ్ళతోపాటు పాతుకుపోయాయి.

ఆ ఒక్క చెవీ పదమూడేళ్ళుగా కుట్టుమిషన్ల మెకానిక్‌ది. బజారు వీధిలో ఆయనకు చిన్న దుకాణం ఉంది. మిషన్ మూత విప్పకుండానే, చక్రం ఒకసారి తిప్పి విని, జబ్బు ఎక్కడుందో చెప్పేస్తాడు. దూరాన ఉన్నవాళ్ళు ఫోన్‌ను మిషన్ దగ్గర పెట్టి తొక్కి వినిపిస్తే, "బాబిన్ కింద దారం ముక్క ఇరుక్కుంది, తీసి చూడండి" అంటాడు. తీసి చూస్తే ఉంటుంది. ఊళ్ళో సగం మందికి ఆయన అసలు పేరు తెలియదు. చెవిగారు అంటారు. ఆ పిలుపులో కాస్త వేళాకోళం ఉన్నా, ఆయన దాన్ని బిరుదులాగే మోస్తున్నాడు. అరవై ఒక్క ఏళ్ళ జీవితంలో ఆయనకు వచ్చిన బిరుదు అదొక్కటే.

ఇక సూదిపిట్ట సంగతి. బొటనవేలంత ఉంటుంది, ఆకుపచ్చగా, రెల్లు దుబ్బుల్లో దాక్కుని తిరుగుతుంది. దాని కూత సూదిమొనలా సన్నగా ఉంటుందని మాస్టారే ఆ పేరు పెట్టారు. వాగు మొత్తానికి అది ఉండేది అయిదో రాయి దగ్గరే. సంఘం బోర్డు మీద, బనీన్ల మీద, నీళ్ళ సీసాల మీద దాని బొమ్మే. అలాంటి పిట్ట రెండేళ్ళుగా పుస్తకంలో లేదు. నెలనెలా ఆ గడిలో సున్నా.

రెండున్నరేళ్ళ కిందట అయిదో రాయికి పది అడుగుల దూరంలో వాగు మీద నడక వంతెన వేశారు. ఇనుపది, బోల్టులతో బిగించింది, ఇరవై రెండు అడుగులు వేస్తే అవతలి ఒడ్డు. సంఘం కార్యదర్శి మందులషాపు మేడమ్‌కు రెండూ రెండూ కలిపి చూడటానికి ఎంతోసేపు పట్టలేదు. వంతెన వచ్చింది, పిట్ట పోయింది. ఆమె సంఘంలో చేరి మూడేళ్ళే అయినా, అంతకుముందు పదేళ్ళలో జరగని పనులన్నీ జరిపించిన మనిషి. మెడలో ఈల వేసుకుని తిరుగుతుంది. సూదిపిట్ట కూత ఆమె ఎన్నడూ ఎరగదు. ఎరిగిన పాతవాళ్ళు సంఘానికి రావడం మానేశారు. కొత్తవాళ్ళకు కూతలు నేర్పేది చెవిగారు. తనకు వినపడని దాన్ని ఆయన ఎలా నేర్పుతాడు?

మేడమ్ వంతెన మీద ఫిర్యాదు చేస్తూ మునిసిపల్ ఆఫీసుకు పదకొండు ఉత్తరాలు రాసింది. ప్రతి ఉత్తరానికీ చెవి లెక్క పేజీలు జతచేసింది. ఎట్టకేలకు జవాబు వచ్చింది. ఈ నెల నాలుగో ఆదివారం ఇంజనీరు వచ్చి చెవి లెక్క దగ్గరుండి చూస్తాడు, పిట్ట లేదని తేలితే వంతెన విప్పించేస్తారు, ఎలాగూ ఇంకో వార్డువాళ్ళు అలాంటి వంతెన కావాలని అడుగుతున్నారు. మేడమ్ ఆ ఉత్తరాన్ని షాపు అద్దానికి అంటించింది. దగ్గుమందుకు వచ్చినవాళ్ళందరూ చదివారు.

చదివినవాళ్ళలో చెవిగారి అక్క ఒకతె. వాగు అవతల ఒంటరిగా ఉంటుంది. మోకాళ్ళు అరిగిపోయాయి. వంతెన లేని రోజుల్లో పెద్దరోడ్డు చుట్టూ తిరిగి రావాలంటే ఆమెకు ముప్పావు గంట పట్టేది, నెలకు రెండుసార్లు వస్తే గొప్ప. వంతెన పడ్డాక రోజూ పొద్దున్నే తమ్ముడి ఇంటికి టీకి వస్తుంది. వచ్చి, మరదలి టీకి వంక పెట్టి, తమ్ముడి చొక్కాకు వంక పెట్టి, రెండు కప్పులు తాగి వెళ్తుంది. ఆమె నోటికి జడిసి పారిపోని మనిషి ఆ ఇంట్లో లేడు. ఆమె రాని రోజున మాత్రం ఎవరికీ పొద్దు గడవదు.

"ఒక్క పిట్ట కోసం నన్ను మళ్ళీ రోడ్డంతా తిప్పుతావట్రా?" అని నిలదీసింది.

"నేనేం చేశానక్కా? చెవికి వినపడింది రాశాను, వినపడనిది రాయలేదు."

"పిట్టకున్న విలువ తోడబుట్టినదానికి లేదన్నమాట."

"పిట్టకి నోరు లేదు కదక్కా. నీకుంది."

మామూలుగా అయితే ఆ మాటకు ఆమె నవ్వేది. ఆ రోజు నవ్వలేదు, రెండో కప్పు తాగకుండానే లేచిపోయింది.

అసలు ఆ వంతెన దగ్గర అక్కకు మొదటినుంచీ ఒక ఫిర్యాదు ఉంది. "అక్కడేదో కీచుమంటోందిరా. నేను దాటినప్పుడల్లా చెవిలో గీకినట్టుంటుంది" అని ఎన్నోసార్లు చెప్పింది. కీచు అనగానే చెవిగారికి తెలిసిపోయింది. కొత్త వంతెన, కొత్త బోల్టులు, ఎక్కడో రాసుకుంటోంది. మిషన్లకు వేసే నూనె డబ్బా పట్టుకెళ్ళి, వంగి, పాకి, నలభై ఎనిమిది బోల్టులకూ చుక్క చుక్క వేసి వచ్చాడు. తరవాత నిలబడి విన్నాడు. చప్పుడు లేదు. చేసిన పనికి తృప్తిపడి ఇంటికొచ్చాడు.

మర్నాడు అక్క వచ్చి, "ఇంకా కీచుమంటూనే ఉంది" అంది.

"లేదక్కా, నేను నిలబడి మరీ విన్నా. అది వంతెన కాదు, నీ చెవులు. వయసైతే అలాగే రొద పెడతాయి. డాక్టరుకి చూపించుకో."

ఆమె మొండిగా వెళ్ళి చూపించుకుంది. "నీ చెవులు దివ్యంగా ఉన్నాయమ్మా అన్నాడు డాక్టరు" అని వచ్చి చెప్పింది. ఆ డాక్టరుకు పని రాదని చెవిగారు తేల్చేశాడు.

ఇంట్లో ఆయన చెవుల మీద ఇంకో కేసు నడుస్తోంది. మధ్యాహ్నం దుకాణం మూయడం మొదలుపెట్టాక, ఉతికే మిషన్ ఆగగానే బట్టలు ఆరేసే పని ఆయనకు పడింది. మిషన్ పని అయిపోగానే కీక్ కీక్ మని నాలుగుసార్లు అరుస్తుంది. ఆయన లేవడు. భార్య వంటింట్లోంచి కేకేస్తే, "అయిపోయిందా? వినపడలేదే" అంటాడు. రెండేళ్ళుగా ఇదే వరస.

"వాగు అవతల పిట్ట కూస్తే వినపడుతుంది. పక్క గదిలో మిషన్ అరిస్తే వినపడదు. పని తప్పించుకోవడానికి ఎన్ని వేషాలండీ మీకు!" అంటుంది ఆమె. ఇరుగుపొరుగుకు కూడా చెప్పి నవ్వింది. చెవిగారు కూడా నవ్వేవాడు. వేషం వేస్తున్నానని తనకూ కొంచెం అనుమానంగానే ఉండేది.

ఇంజనీరు వచ్చే ఆదివారానికి మూడు రోజుల ముందు, గురువారం పొద్దున, చెవిగారు అయిదో రాయి దగ్గరికి వెళ్ళాడు. జనం ఎక్కువ వస్తారు కనుక ఎక్కడ తాడు కట్టాలో, కుర్చీలు ఎక్కడ వెయ్యాలో చూసుకుందామని. వంతెన కమ్మీ మీదికి వాలిన రెల్లుగడ మీద, నాలుగు అడుగులు వేస్తే అందేంత దగ్గర్లో, సూదిపిట్ట కూర్చుని ఉంది.

ఆయనకు ముందు సంతోషమే కలిగింది. ఎన్నాళ్ళకు, అనుకున్నాడు. పిట్ట ముక్కు బార్లా తెరుచుకుని ఉంది. గొంతు కింద ఈకలు దడదడ కొట్టుకుంటున్నాయి. తోక దగ్గర్నుంచి తల దాకా ఒళ్ళంతా ఊగిపోతోంది. శబ్దం మాత్రం లేదు. పాపం ఏదో జబ్బు చేసినట్టుంది, గొంతు పోయింది కాబోలు అని జాలిపడ్డాడు. వాగులో నీళ్ళ గలగల వినపడుతోంది. పెద్దరోడ్డు మీద లారీ వినపడుతోంది. ఈ పిట్ట ఒక్కటే అద్దం వెనకాల ఉన్నట్టుంది.

అవతలి ఒడ్డు నుంచి అక్క వంతెన మీదికి వచ్చింది. కమ్మీ పట్టుకుని, ఒక్కో అడుగూ వేసుకుంటూ, మధ్యకు వచ్చి ఆగింది.

"ఇదిగో, ఇప్పుడు విను. ఈ కీచుడే నేను మొత్తుకుంటున్నది. అదిగో, మళ్ళీ! నీ నూనె డబ్బా ఎందుకూ పనికిరాలేదురా."

పిట్ట ముక్కు మూసుకుంది. అక్క మాట ఆపి, "ఆగింది" అంది. పిట్ట ముక్కు తెరిచింది. "మళ్ళీ మొదలైంది" అంది అక్క, పిట్ట వైపు చూడకుండానే.

చెవిగారు మెల్లిగా రాయి మీద కూర్చున్నాడు.

"ఏమైందిరా అలా ఉన్నావు?"

"ఏం లేదక్కా. నువ్వు పద, టీ చల్లారిపోతుంది."

ఆ మధ్యాహ్నం భార్య వంటింట్లో ఉండగా ఆయన ఉతికే మిషన్ ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. డ్రమ్ము తిరగడం వినపడింది, నీళ్ళు పోవడం వినపడింది, బేరింగు కొంచెం అరిగిందని కూడా తెలిసింది. డ్రమ్ము ఆగింది. పచ్చ దీపం వెలిగింది. చెవి తెచ్చి మిషన్ రేకుకు ఆనించాడు. దీపం నాలుగుసార్లు ఆరి వెలిగింది. అంతే. ఇంకేమీ లేదు.

భార్య గుమ్మంలోకి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుంది. "బాగుంది! చెవి దానికే ఆనించుకుని కూర్చుని కూడా వినపడలేదంటారా? ఇంతకంటే నటన ఎవరికొస్తుందండీ!"

ఆయన ఏమీ అనకుండా లేచి బట్టలు బకెట్లో వేసుకున్నాడు. ఆమెకు అదొక్కటే కొత్తగా తోచింది. ఎప్పుడూ ఏదో ఒక ఎదురు మాట అంటాడు.

శుక్రవారం దుకాణంలో చెవి లెక్క పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. పని ఏమీ తోచలేదు. నలభై ఏళ్ళు మోటార్ల పక్కన కూర్చున్న చెవులు. లావు శబ్దాలు మిగిలాయి, సన్నవి రాలిపోయాయి. ఎప్పుడు రాలాయో కూడా తెలియలేదు. పోయిన శబ్దం పోయానని చెప్పి పోదు కదా. పేజీలు వెనక్కి తిప్పుతూ తన పదమూడేళ్ళూ దాటి, మాస్టారి కాలం దాకా వెళ్ళాడు. అక్కడ పేజీకి అడ్డంగా ఎర్ర సిరాతో గీత ఉంది. గీత మీద మాస్టారి దస్తూరీలో తేదీ, ‘చెవి మారింది’ అన్న రెండు మాటలు. గీత కింద తను రాసిన మొదటి లెక్క. సూదిపిట్ట తొమ్మిది. గీత పైన మాస్టారి లెక్క. సూదిపిట్ట సున్నా. దాని పైన సున్నా. ఆ పైన సున్నా. పద్నాలుగు నెలలు వరసగా సున్నాలు.

ఆ మొదటి రోజు ఆయనకు బాగా గుర్తుంది. పరుగున వెళ్ళి, "మాస్టారూ, తొమ్మిది! మీకు ఒక్కటీ దొరకలేదు, నాకు తొమ్మిది దొరికాయి!" అని గొప్పలు పోయాడు. "అందుకేగా గీత గీసింది" అని మాస్టారు నవ్వారు. తనను మెచ్చుకున్నారనుకున్నాడు. నాకు తీరిక ఉండటం లేదు, ఇకనుంచి నువ్వు విను అని పుస్తకం చేతిలో పెడితే, నిజంగా తీరిక లేకనే అనుకున్నాడు. చెత్త ఏరి వాగు శుభ్రం చేశాం కనుకే సూదిపిట్ట తిరిగొచ్చిందని ఆ ఏడు సంఘం కరపత్రాలు కూడా పంచింది. ఇప్పుడు వంతెన వల్ల పోయిందని ఉత్తరాలు రాస్తోంది. పిట్ట మాత్రం ఎక్కడికీ పోలేదు, ఎక్కడినుంచీ రాలేదు.

శనివారమంతా ఆయన మనసు ఒక్కచోట నిలవలేదు. ఆదివారం అబద్ధం ఆడనక్కర్లేదు. అయిదో రాయి దగ్గర వేలు ఎత్తకుండా నిలబడితే చాలు. నిజంగానే వినపడదు కనుక నియమం తప్పినట్టు కూడా కాదు. వంతెన పోతుంది, అక్క రావడం పోతుంది, చెవిగారు అన్న పిలుపు ఉంటుంది. చెబితే వంతెన ఉంటుంది, అక్క ఉంటుంది, ఆ పిలుపు నవ్వులపాలవుతుంది. రేపటినుంచి మిషన్ పట్టుకొచ్చేవాళ్ళు ఏమనుకుంటారు? ఫోన్ దగ్గర పెట్టి మిషన్ ఎవరు తొక్కి వినిపిస్తారు? ఆయనకు భయం వేసింది. చిన్నప్పుడు బడిలో కూడా అంత భయం వెయ్యలేదు.

సాయంత్రానికి మూడో దారి తట్టింది. వినపడకపోయినా వేలు ఎత్తేస్తే? పిట్ట ఉంది, అది నిజం. వంతెన నిలుస్తుంది, అక్కకు దారి ఉంటుంది, తన చెవికీ లోటు రాదు. ఎవరికీ నష్టం లేదు. ఇంత సులువైన సంగతి గురువారమే ఎందుకు తట్టలేదా అని తనను తానే తిట్టుకుని, ఆ పూట కాస్త అన్నం తిన్నాడు.

ఆదివారం పొద్దున వాగు ఒడ్డున అరవై మంది దాకా చేరారు. కుర్చీలు తక్కువయ్యాయి. ఇంజనీరు కుర్రవాడే, బూట్లకు బురద అంటుతుందని ఆచితూచి అడుగులు వేస్తున్నాడు. చెవిగారి భార్య ఎప్పుడూ రానిది ఆ రోజు వచ్చింది. అక్క అవతలినుంచి వంతెన దాటి వచ్చి, పోట్లాటకు సిద్ధంగా కొంగు బిగించి, ముందు వరసలో నిలబడింది. మందులషాపు మేడమ్ ఈల ఊదింది. జనం నోళ్ళు మూతపడ్డాయి.

మొదటి నాలుగు రాళ్ళూ సాఫీగా గడిచాయి. కాకి, పావురం, గోరింక, వడ్రంగిపిట్ట. చెవిగారు వేలు ఎత్తడం, పేరు చెప్పడం, మేడమ్ రాసుకోవడం. ఇంజనీరు ముచ్చటపడి చూశాడు. జనం అయిదో రాయి దగ్గరికి వచ్చారు.

చెవిగారు కళ్ళు మూసుకున్నాడు. నీళ్ళ చప్పుడు. దూరంగా రోడ్డు. నిమిషం గడిచింది. ఇప్పుడు ఎత్తుదామా అనుకున్నాడు. ఇప్పుడు పిట్ట కూస్తోందో లేదో ఎలా తెలుస్తుంది? అది నోరు మూసుకుని ఉన్నప్పుడు తను వేలు ఎత్తితే? అది మూడుసార్లు కూస్తే తను ఒకసారి ఎత్తితే? పుస్తకంలో ఎన్ని అని రాయాలి? చెయ్యి సగం లేచింది. పదమూడేళ్ళలో ఆ పుస్తకంలో వినకుండా రాసింది ఒక్క అక్షరం లేదు. అదే పుస్తకం మొదటి పేజీల్లో, పిట్ట ఉందని తెలిసి కూడా వరసగా సున్నాలు రాసుకున్న మనిషి దస్తూరీ ఉంది. చెయ్యి దించేసి కళ్ళు తెరిచాడు.

"వినపడట్లేదు మేడమ్," అన్నాడు.

మేడమ్ ఇంజనీరు వైపు తిరిగింది. "విన్నారుగా. లేదు. రెండేళ్ళుగా ఇదే మాట మేము చెబుతున్నది."

"లేదని కాదు మేడమ్. నాకు వినపడట్లేదు."

"రెండూ ఒకటేగా?"

"రెండేళ్ళుగా నేనూ ఒకటే అనుకున్నాను," అన్నాడు చెవిగారు. ఆగి, జనం వైపు తిరిగాడు. "అందరూ ఒక్కసారి కళ్ళు మూసుకోండి. ఈల వద్దు. గాజు మీద సూదితో గీస్తే ఎలా ఉంటుందో అలాంటి సన్న శబ్దం ఏదైనా వినపడితే, వేలు ఎత్తండి. మాట్లాడకండి."

"ఒకే చెవి అని కదా నియమం?" అంది మేడమ్.

"ఆ చెవి చెడిపోయింది మేడమ్."

జనం ఒకరి మొహం ఒకరు చూసుకుని కళ్ళు మూసుకున్నారు. ఇంజనీరు కూడా మూసుకున్నాడు. కళ్ళు తెరిచి ఉన్నది చెవిగారు ఒక్కడే. నియమం ప్రకారం ఆయన చూడకూడదు. చూశాడు.

కాసేపు ఏమీ జరగలేదు. రెల్లు కదిలింది. ముందుగా అక్క వేలు లేచింది, చిరాగ్గా, ఇదేగా నేను మొదటినుంచీ చెబుతున్నది అన్నట్టు. ఆ వెంటనే ఇంజనీరు వేలు. తరవాత విత్తనాల సంచి పట్టుకున్నావిడ వేలు, ఆమె వెనక ఇద్దరు, ఆ పక్క నలుగురు. కొందరి మొహాల్లో నవ్వు వచ్చింది. భార్య వేలు లేచింది. చూస్తుండగానే ఒడ్డంతా వేళ్ళు. ఒక్కసారిగా అన్నీ దిగాయి. క్షణం ఆగి మళ్ళీ అన్నీ కలిసి లేచాయి. పిట్ట ఎప్పుడు కూస్తోందో, ఎప్పుడు ఊపిరి తీసుకుంటోందో ఆయనకు ఆ వేళ్ళలో కనపడింది. మేడమ్ చెయ్యి మాత్రం పుస్తకం మీదే ఉంది. మొహం ఎర్రబడింది. పదకొండు ఉత్తరాలు రాసిన చెయ్యి అది. మూడో కూతకు ఆమె కూడా వేలు ఎత్తింది.

చెవిగారికి ఏడుపొచ్చింది. అంతమందికి అంత తేలిగ్గా దొరుకుతున్నది తనకు ఇక జన్మలో దొరకదని ఏడుపొచ్చింది. పిట్ట ఉన్నందుకు కూడా వచ్చింది. రెండూ కలిసే వచ్చాయి కనుక తుడుచుకోకుండా నిలబడ్డాడు.

కళ్ళు తెరిచాక మొదట నోరు విప్పింది అక్క.

"ఈ కీచుడు పిట్టదా? ఒరే, దీనికోసమా నువ్వు బోల్టులన్నిటికీ నూనె వేసింది?"

జనం గొల్లుమన్నారు. ఇంజనీరు కూడా నవ్వాడు. చెవిగారు కూడా నవ్వాడు, కళ్ళ నీళ్ళతోనే. నవ్వులపాలవుతానని రెండు రోజులు భయపడ్డది ఇదే. తీరా వచ్చాక భరించలేనంత ఏమీ లేదు.

పిట్టకు అభ్యంతరం లేనప్పుడు వంతెన విప్పే పని తమకు లేదని ఇంజనీరు అక్కడే చెప్పేసి, బూట్లు గడ్డికి రాసుకుని వెళ్ళిపోయాడు. మేడమ్ పుస్తకం పట్టుకుని చెవిగారి దగ్గరికి వచ్చింది. కోపంగా ఉందో, బాధగా ఉందో ఆమెకే తెలిసినట్టు లేదు.

"రెండేళ్ళ సున్నాలున్నాయండీ ఇందులో. అన్ని ఉత్తరాలకీ వాటినే జతచేశాను. ఇప్పుడు వీటినేం చెయ్యమంటారు? కొట్టెయ్యనా?"

"కొట్టెయ్యకండి మేడమ్. ఆ సున్నాలు పిట్టవి కావు, నావి. అలాగని పక్కన రాయండి చాలు."

ఆమె చేతిలోంచి ఎర్ర కలం తీసుకుని, పేజీకి అడ్డంగా గీత గీశాడు. తేదీ వేశాడు. ‘చెవి మారింది’ అని రాశాడు. కింద, చెవి ఎవరిది అన్నచోట ఆగి, తలెత్తి చూశాడు.

"నన్ను చూస్తావేంట్రా? నాకేం పనిలేదనుకున్నావా?" అంది అక్క. అని, ఒక క్షణం ఆగి, "రోజూ ఎలాగూ వింటూనే ఉన్నాను కదా," అంది.

భార్య ఇంటికి వచ్చి, బట్టలు మిషన్లో వేసి, మీట నొక్కి, వంటింట్లోకి వెళ్ళింది. చెవిగారు వసారాలో కుర్చీలో కూర్చున్నాడు. గంట తరవాత ఆమె వంటింట్లోంచి కేకెయ్యలేదు. చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

"అరిచిందండీ," అంది.

ఆయన లేచి బకెట్ అందుకున్నాడు.